ప్రయాణ బీమా: ఏది రాదో ముందు చూసుకోండి

సంపాదకులు గారికి,

దసరా సెలవులకు రైలు టికెట్లు తీసుకుంటూ 45 పైసల బీమాకు ‘అవును’ కొట్టేసి, ఇక దారిలో ఏం జరిగినా డబ్బు వస్తుందని నమ్మేవాళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎక్కువే. ఐఆర్‌సీటీసీ ద్వారా దొరికే ఆ బీమా రైలు ప్రమాదానికీ, బండిలోంచి జారిపడటం, దోపిడీ వంటి ఘటనలకూ మాత్రమే. మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 10 లక్షలు, పాక్షిక వైకల్యానికి ఏడున్నర లక్షల వరకు, ఆసుపత్రి ఖర్చుకు 2 లక్షల వరకు ఇస్తారు. బ్యాగు పోయినా, బండి ఆలస్యమై కాశీలో కట్టిన గది అద్దె వృథా అయినా, దారిలో గుండెపోటు వచ్చినా పైసా రాదు.

అదీ కన్ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ (కూర్చోవడానికి చోటు ఖాయమైన) ఈ-టికెట్ ఉన్నవారికే. కౌంటర్లో కొన్న టికెట్‌కు గానీ, జనరల్ పెట్టెకు గానీ ఇది లేదు. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఢీకొన్నవి పలాస, రాయగడ ప్యాసింజర్లు. అలాంటి బండ్లలో జనరల్ టికెట్‌తో రోజూ తిరిగేవారికి దిక్కు ఈ బీమా కాదు, రైల్వే చట్టం. సరైన టికెట్‌తో వెళ్తున్న ప్రయాణికుడు ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 8 లక్షల పరిహారం వస్తుంది. ఏడాదిలోగా రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. టికెట్ పోయినంత మాత్రాన హక్కు పోదు గానీ, రుజువు చేసుకోవడం కష్టమవుతుంది.

రైలు బీమా తీసుకున్నవారు ఎక్కువగా వదిలేసేది నామినీ పేరు, అంటే మనకేమైనా అయితే డబ్బు అందుకోవాల్సిన వారి పేరు. టికెట్ బుక్కయ్యాక బీమా కంపెనీ లింకు పంపుతుంది, అందులో మనమే నింపాలి. నెట్ సెంటర్లో టికెట్ తీయించుకుంటే చాలాసార్లు అక్కడివాళ్ల నంబరు, మెయిలే ఇస్తారు, ఆ లింకూ వాళ్లకే వెళ్తుంది. కాబట్టి మీ నంబరే పెట్టమనండి. నామినీ లేకపోతే వారసత్వ పత్రాల కోసం కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగాలి. క్లెయిముకు గడువేమో నాలుగు నెలలే.

ఇక విడిగా కొనే ట్రావెల్ పాలసీల సంగతి. తుపాను హెచ్చరిక వచ్చాక కొన్న పాలసీ ఆ తుపాను వల్ల ఆగిన ప్రయాణానికి సాధారణంగా పనిచేయదు. అది ‘ముందే తెలిసిన సంఘటన’ కిందికి వస్తుంది. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11న, సరిగ్గా దసరా రోజుల్లోనే. ఈ నెలల్లో వెళ్లేవారు టికెట్‌తో పాటే పాలసీ కొనడం మేలు.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దవాళ్ల విషయంలో అసలు చిక్కు పాత జబ్బులు. బీపీ, షుగరు, ఉద్దానం వైపైతే కిడ్నీ జబ్బు. ప్రీమియం పెరుగుతుందనో, పాలసీ ఇవ్వరనో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) సంగతి దాచిపెడితే, అక్కడి ఆసుపత్రి రికార్డులే దాన్ని బయటపెడతాయి, క్లెయిము తిరస్కరిస్తారు. చెప్పినా సరే, చాలా పాలసీలు పాత జబ్బు ముదిరితే ప్రాణం నిలబెట్టేంత వరకే ఇస్తాయి. వారం వారం డయాలసిస్‌కు ఇవ్వవు. ఎంత మొత్తానికి పాలసీ అని అడిగి ఊరుకోకండి, పాత జబ్బుకు అందులో ఎంత, ముందుగా మనం భరించాల్సింది ఎంత అని అడగండి. ఆసుపత్రిలో చేరాల్సివస్తే పాలసీ మీదున్న సహాయ నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. విమానంలో పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటకముందే ఎయిర్‌లైన్స్ నుంచి ఫిర్యాదు కాగితం తీసుకోవాలి. అది లేకుండా సామాను క్లెయిము నిలబడటం కష్టం.

తిరస్కరిస్తే ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. కంపెనీకి ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి) రాయవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

— విశ్రాంత బీమా ఉద్యోగులు, విజయనగరం