కొత్త శ్రోతకి రాగం పేరు చెప్పరా?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ పత్రిక జిల్లా పేజీలో ఒక సంగీత కచేరీ వార్త చదివాను. గాయని 'గానామృతంతో శ్రోతలను ఓలలాడించారు' అని ఉంది. ముఖ్య అతిథి పేరు, జ్యోతి వెలిగించినవారి పేరు, శాలువా కప్పినవారి పేరు అన్నీ ఉన్నాయి. ఆవిడ ఏం పాడారో మాత్రం లేదు. వయొలిన్, మృదంగం వాయించినవాళ్ళ పేర్లూ లేవు.

నేను రిటైరైన లెక్కల మాస్టారిని. పాడటం రాదు, వినడం కూడా ఉద్యోగం చివరి రోజుల్లోనే మొదలుపెట్టాను. అందుకని కొత్తగా కచేరీకి వచ్చేవాళ్ళ ఇబ్బంది నాకు కొంత తెలుసు. పాట నచ్చడంలో వాళ్ళకి కష్టమేమీ ఉండదు. నచ్చినదాన్ని మళ్ళీ ఎలా వెతుక్కోవాలో తెలియదు, అంతే. రాగం పేరు తెలిస్తే ఫోన్‌లో కొట్టి, అదే రాగం ఇంకో నలుగురు ఎలా పాడారో వింటారు. పేరు తెలియకపోతే ఆ సరదా ఆ సాయంత్రంతోనే సరి.

ఆ పేరు చెప్పడానికే మా పాత శ్రోతల్లో కొందరికి నోరు రాదు. ఒక కచేరీలో వెనక వరసలోని కుర్రాడు "ఇది ఏ రాగమండీ?" అని అడిగితే, ముందు కూర్చున్న పెద్దాయన "అది కూడా తెలియకుండా వచ్చావా బాబూ?" అన్నారు. మోహనం అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. తమాషా ఏమిటంటే, తని ఆవర్తనం (పాట ఆగి మృదంగం ఒక్కటే వినిపించే ఘట్టం) మొదలవగానే ఆ పెద్దాయనే లేచి బయటికి నడిచారు. కుర్రాడు కదల్లేదు, మృదంగం మీది చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరిలో ఎవరు రసికులో మీరే చెప్పండి.

నన్ను అడిగితే, కొత్తవాళ్ళకి 72 మేళకర్తల, అంటే జనక రాగాల పట్టిక ముందే చూపించి టెన్షన్ పెట్టకూడదు. (నాకు ఆ పట్టికంటే ప్రాణం, అది వేరే సంగతి. 29వది శంకరాభరణం, దానికి 36 కలిపితే 65, కళ్యాణి! మారేది మధ్యమం, అంటే 'మ' స్వరం ఒక్కటే. ఇది మొదటిసారి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.) ముందు మోహనం, హంసధ్వని పక్కపక్కన వినిపిస్తే చాలు. రెండింటికీ ఐదేసి స్వరాలు. స, రి, గ, ప వరకూ ఒకటే. మోహనంలో ధైవతం (ధ) ఉన్నచోట హంసధ్వనిలో నిషాదం (ని) వస్తుంది. ఒక్క స్వరం మారితే రంగంతా ఎలా మారిపోతుందో చెవికే తెలుస్తుంది, పుస్తకం అక్కర్లేదు.

తాళం కూడా అంతే. ఆదితాళానికి ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, తర్వాత రెండుసార్లు దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. పక్కవాడి చెయ్యి చూసి రెండు ఆవర్తనాలు (రెండు ఎనిమిదులు) వేస్తే పట్టుబడుతుంది. లెక్క తప్పినా ఎవరూ మార్కులు తియ్యరు.

నెరవు దగ్గర మాత్రం ఒక మాట సాయం అవసరం. అందులో కృతిలోని ఒకే పంక్తిని పదే పదే పాడుతుంటే కొత్తవాళ్ళకి విసుగొస్తుంది. ఆ మాటలు తాళంలో తమ చోటు వదలకుండానే రాగం ప్రతిసారీ కొత్త దారి పడుతోందని చెవిలో చెబితే, ఆ విసుగే ఆసక్తి అవుతుంది. పైగా మన పిల్లలకి ఆ పంక్తి అర్థమవుతుంది. త్యాగరాజస్వామి తమిళనాట తిరువయ్యూరులో కాపురముండి కూడా కృతులు ఎక్కువగా తెలుగులోనే రాశారు. శ్యామశాస్త్రి కృతులు చాలావరకు తెలుగువే. తెలుగు రాని గాయకులు అర్థం అడిగి తెలుసుకుని మరీ పాడే సాహిత్యం మనకి ఊరికే దొరికింది. దాన్ని వినడానికి వచ్చినవాడిని గుమ్మంలోనే పరీక్ష పెట్టి పంపిస్తే ఎలా?

సభల నిర్వాహకులకి ఒక విన్నపం. పాడేముందు రాగం, తాళం, వాగ్గేయకారుడి పేరు మైకులో చెప్పించండి. రాగం గుర్తుపట్టే సరదా పోతుందని కొందరు అంటారు. ఆలాపన అయ్యాక చెప్పండి, వాళ్ళ సరదా వాళ్ళకి ఉంటుంది.

ఇక మీకు విన్నపం. కచేరీ వార్తలో ఓలలాడించడం తగ్గించి, ఆ రోజు ప్రధానంగా పాడిన కృతి, దాని రాగం, తాళం, పక్కవాద్యాలవాళ్ళ పేర్లు రాయించండి. రెండు లైన్లు చాలు, అతిథుల జాబితాలో ఆ మాత్రం చోటు దొరుకుతుంది. విలేకరికి రాగం తెలియకపోయినా ఫర్వాలేదు. కచేరీ అయ్యాక వయొలిన్ పెట్టెలో సర్దుకుంటున్న విద్వాంసుణ్ణి అడిగితే సంతోషంగా చెబుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు