మీ లిట్టర్ ట్రే కొలతలు, దానితో ఇచ్చిన ఫినాయిల్ సలహా: ఫిర్యాదు

మూలాపేట, నెల్లూరు
9 డిసెంబరు 2024

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

అయ్యా,

అక్టోబరు 18న మీ వెబ్‌సైట్‌లో మూత ఉన్న పెద్ద సైజు లిట్టర్ ట్రేని, అంటే పిల్లి మలమూత్రాలకు పెట్టే డబ్బాని, 2,190 రూపాయలు కట్టి తెప్పించుకున్నాను. బిల్లు నకలు, ఫొటోలు జత చేస్తున్నాను. ఫోన్లో నాలుగుసార్లు చెప్పిన సంగతే ఇది. చేసిన ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తడం, నేను మళ్లీ మొదటినుంచి చెప్పడం. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మాది మగ పిల్లి. పేరు చిట్టోడు, తూకం మాత్రం అయిదు కిలోలు. మొన్నమొన్నటి దాకా వాడికి ట్రే అవసరమే రాలేదు. పక్కింటివాళ్లు మేడ కట్టుకుంటూ వీధిలో పెన్నా ఇసుక పోయించారు. అదే వాడి మరుగుదొడ్డి. (ఆ ఇసుకతోనే వాళ్ల గోడలు లేచాయి. ఈ మాట వాళ్లకు చెప్పకండి.) మేడ పూర్తయింది, ఇసుక అయిపోయింది, వానలు మొదలయ్యాయి. పాత బేసిన్‌లో ఇసుక పోసి చూశాం. ఇసుక గడ్డ కట్టదు కదా, తడి అడుగుకు దిగి రెండో రోజుకే ఇల్లంతా కంపు. అప్పుడు మీ ప్రకటన కనబడింది. 'ఎంత పెద్ద పిల్లికైనా సరిపోతుంది, వాసన బయటికి రాదు' అన్నారు. ట్రేతో పాటు తడి తగిలితే ఉబ్బి గడ్డ కట్టే బెంటొనైట్ మట్టి కూడా కొన్నాను. మట్టి మీద నాకే ఫిర్యాదూ లేదు.

మూడు రోజులు వాడు బాగానే వెళ్లాడు. నాలుగో రోజు గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా మీద పోశాడు. ఆ తర్వాత మా ఆయన లుంగీ మీద. ఆ తర్వాత బుచ్చిరెడ్డిపాళెం నుంచి మా అక్క పంపిన కొత్త బియ్యం మూట మీద. మీకు ఫోన్ చేస్తే 'పిల్లికి అలవాటు కావాలి మేడమ్, మా లావెండర్ పౌడర్ చల్లండి' అన్నారు. 349 రూపాయలు పెట్టి అదీ తెప్పించాను. ఆ వాసనకు వాడు ట్రే ఉన్న వరండాలోకే రావడం మానేశాడు.

నవంబరు 3న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎక్కడా మూత్రం పోయలేదు. ట్రే ముందు కూర్చోవడం, లేవడం, మళ్లీ కూర్చోవడం. భయం వేసి పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. మగ పిల్లులకు మూత్రనాళం సన్నగా ఉంటుందట. అది మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుందట. ఆయన పొట్ట నొక్కి చూసి, అడ్డం ఏమీ లేదు, ట్రే నచ్చక బిగబట్టుకుంటున్నాడు అన్నారు. ఆ రాత్రి మేం పడ్డ టెన్షన్‌కు మీరు ఖరీదు కట్టలేరు. నేనూ అడగడం లేదు.

ట్రే పొడవెంత అని డాక్టరు గారు అడిగితే ప్రకటనలో ఉన్నట్టే 56 సెంటీమీటర్లు అని చెప్పాను. ఇంటికొచ్చి మా ఆయన టేపుతో కొలిచారు. అంచులు, మూత, బయటికి పొడుచుకొచ్చిన గడప అన్నీ కలిపితే మీ 56 నిజమే. పిల్లి నిలబడే అడుగుభాగం మాత్రం 39. చిట్టోడే ముక్కు నుంచి తోక మొదలు దాకా 47 ఉన్నాడు. పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ట్రే ఉండాలని డాక్టరు గారి మాట. ఆ లెక్కన మాకు 70 సెంటీమీటర్లు కావాలి. తవ్వుకుని, చుట్టూ తిరిగి, కప్పెట్టే జంతువు అది. మీ డబ్బాలో వాడు తిరగనే లేడు. పైగా మూత. వాసన బయటికి రాదన్నారు, నిజమే, అంతా లోపలే ఉంటుంది. మనకన్నా ఎన్నో రెట్లు వాసన పట్టే ముక్కును అందులో దూర్చమంటే అది పరిగెత్తక ఏం చేస్తుంది?

ఇంతవరకైతే డబ్బు పోయిందనుకుని ఊరుకునేదాన్ని. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ట్రేతో వచ్చిన కాగితం. అందులో 'వారానికోసారి ఫినాయిల్‌తో కడగాలి' అని తెలుగులోనే అచ్చు వేశారు. నేను రెండుసార్లు అలాగే కడిగాను. రెండోసారి వాడు అందులోంచి వచ్చి కాళ్లు నాక్కుని చొంగ కార్చాడు. ఏదో తిన్నాడనుకున్నాను. కాగితం చూపించగానే డాక్టరు గారు తల పట్టుకున్నారు. ఫినాల్ జాతి మందులను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువట. నల్ల ఫినాయిల్ అయినా, పైన్ నూనె కలిపిన తెల్ల ఫినాయిల్ అయినా పిల్లి ఉన్నచోట వాడకూడదన్నారు. బ్లీచింగ్ పౌడర్ కూడా వద్దన్నారు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు వస్తుందట. వేడి నీళ్లు, కాస్త గిన్నెలు తోమే సబ్బు, తర్వాత ఎండ. ఈ మాత్రం మాట పిల్లుల సామాను అమ్మే మీకు తెలియదా?

ఇప్పుడు మా ఇంట్లో స్టోన్‌హౌస్‌పేటలో 220 రూపాయలకు కొన్న పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఉంది. మూత లేదు. ఒక పక్క అంచు కోయించాం. మూడు నాలుగు వేళ్ల మందం మట్టి పోసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గడ్డలు ఎత్తేస్తాను. మొదటిరోజే వాడు అందులో హాయిగా తవ్వి కప్పెట్టాడు. మీ ట్రేలో ఉల్లిపాయలు పోసుకోవడానికి కూడా మనసు రావడం లేదు.

వెనక్కి తీసుకోమంటే 'వాడిన వస్తువు తీసుకోం' అంటున్నారు. పిల్లి ఎక్కకుండా అది పిల్లికి సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది సార్?

నాకు కావలసింది ట్రేకు, పౌడరుకు కలిపి 2,539 రూపాయలు. ప్రకటనలోనూ అట్ట మీదా లోపలి కొలతలు వేయాలి. ఫినాయిల్ వాక్యం తీసేయడం ఒక్కటే చాలదు, ఇప్పటికే కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయి కాబట్టి వాళ్లందరికీ మెసేజ్ పంపాలి. డబ్బు నాలుగు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు, ఆ మెసేజ్ మాత్రం ఈ వారంలోనే వెళ్లాలి.

నవంబరు 4న మీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. నెల దాటింది, అందిందన్న మాటే రాలేదు. డిసెంబరు 20 దాకా చూసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. తర్వాత నెల్లూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయిదు లక్షల లోపు వ్యవహారాలకు అక్కడ ఫీజు కూడా లేదు.

ట్రే కడిగి, ఆరబెట్టి, మీ అట్టపెట్టెలోనే పెట్టి ఉంచాను. తీసుకెళ్లడానికి మనిషిని పంపేటట్టయితే పొద్దున పది లోపు పంపండి. మధ్యాహ్నం చిట్టోడు ఆ పెట్టె మీదే పడుకుంటాడు. లేపితే ఊరుకోడు.

ఇట్లు,
(సంతకం)

జత: బిల్లు నకలు, టేపు పెట్టి తీసిన ఫొటోలు మూడు, మీ కాగితం నకలు