రెండున్నర బాకీ

రేయ్ మామా,

సలాం. నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. "సంవత్సరీకానికి రాలేకపోయినా, లీవు ఇయ్యలేదు. ఎట్లా జరిగిందో అంతా రాయి, రూములో పండుకోని తీరిగ్గా చదువుకుంటా" అన్నావు. మంచిపనే చెప్పావు. ఫోన్లో అయితే మనం నాయన మాట మీద రెండు నిమిషాలు కూడా నిలబడం. వెంటనే నువ్వు కువైట్ ఎండల గురించి మొదలుపెడతావు, నేను కడప ఎండల గురించి అందుకుంటాను. అందుకే రాస్తున్నా. పొడుగయితే తిట్టుకోవద్దు.

సంవత్సరీకం బాగానే జరిగింది. అయ్యోరు గంట లేటు, గ్యాసు మధ్యలో అయిపోయింది, వానొచ్చి షామియానా కారింది. అంటే అన్నీ మామూలే. కానీ అక్క చేసిన పని మాత్రం చెప్పాలి. నాయన పటం ముందు విస్తరి వేసి పప్పు, వడలు, పాయసం అన్నీ వడ్డించాక, అక్క తన హ్యాండ్‌బ్యాగులోంచి ఒక పొట్లం తీసింది. కారం దోసె! పొద్దున్నే స్కూటీ మీద పోయి కట్టించుకొచ్చిందంట. మేనత్త నోరు తెరిచింది. "ఏం పాపా, ఈ పొద్దు ఎర్రగడ్డ కారం పెడతారా యాడన్నా?" అక్క పొట్లం విప్పుతూనే, "ఆయన వస్తే దీనికోసమే వస్తాడత్తా, నీ వడలకు రాడు" అంది. అయ్యోరు అప్పుడే సరిగ్గా దర్భలు సర్దుకునే పనిలో పడిపోయాడు. పెద్దమనిషి.

నీకు గుర్తుందో లేదో, ఫస్ట్ సర్వీసు డ్యూటీ దిగి వచ్చే రోజు నాయన చేతిలో ఆ పొట్లం ఉండేది. దోసె మీద ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, మడిచి, కాగితంలో చుట్టి ఇస్తారు చూడు. ఇంటికొచ్చేసరికి కాగితం నూనెకు అద్దంలా అయిపోయి, లోపలి ఎరుపు బయటికి కనపడేది. నాలుగు దోసెలు తెచ్చేవాడు, ఎప్పుడూ నాలుగే. మనం ఐదుగురం ఉన్నా నాలుగే. ఐదోది నీకోసం అమ్మ ఇంట్లో పోసిన దోసె. అది నువ్వు తినకుండా నా దాంట్లో సగం లాక్కునేవాడివి, దొంగనాయాలా.

డ్యూటీ నుంచి వచ్చాక నాయనకు గొంతు ఉండేది కాదు. 32 ఏళ్లు, మెయిన్‌గా రాయచోటి రూట్లో, "టికెట్, టికెట్" అని అరిచిన గొంతు. ఇంటికొస్తే ఉప్పు వేసిన వేన్నీళ్లు పుక్కిలించి మంచం మీద కూర్చునేవాడు, ఇంక మాట లేదు. అంతా చేతి సైగలే. కంచం మీద వేలితో ఒకసారి కొడితే "చాలు", రెండుసార్లు కొడితే "ఇంకా పోనీ". ఒక విజిల్‌కు ఆపు, రెండు విజిళ్లకు రైట్ రైట్. మేము అదే భాషలో పెరిగాం. వేరే ఇళ్లల్లో నాయనలు పిల్లలతో మాట్లాడతారని నాకు మీ ఇంటికి వచ్చాకే తెలిసింది. మీ అబ్బాజాన్ అన్నం తింటూ ఎంతసేపు కబుర్లు చెప్పేవాడు! నాకు అసూయగా ఉండేది, ఇప్పుడు చెప్తున్నా.

కానీ నిద్రలో మాత్రం గొంతు వచ్చేది ఆయనకు. అర్ధరాత్రి ఉన్నట్టుండి "రామాపురం! రామాపురం దిగేటోళ్లు ముందుకు రండి!" అని కేకపెట్టేవాడు. నేను, అక్క ఉలిక్కిపడి లేచేవాళ్లం. అమ్మ మాత్రం కళ్లు కూడా తెరవకుండా, "అందరూ దిగిపోయినార్లే, పండుకోండి ఇంక" అనేది. ఆయన అటు తిరిగి పడుకునేవాడు. పొద్దున అడిగితే ఇద్దరికీ ఏమీ గుర్తుండదు. ఒకసారి అమ్మ ఊరికి పోయినప్పుడు రాత్రి నాయన అట్లాగే అరిచాడు. జవాబు చెప్పేవాళ్లు లేరు. మళ్లీ అరిచాడు, మళ్లీ అరిచాడు. చివరికి అక్క దుప్పట్లోంచే "దిగినారు నాయనా" అంది. అప్పుడు ఆగాడు.

ఇంక నీ రెండున్నర సంగతి. మెసేజ్ చివర్న నవ్వుతూ "మీ నాయన నాకు రెండున్నర బాకీ, మర్చిపోలేదు" అన్నావు చూడు, అమ్మ పక్కనే కూర్చోని వింది. "ఏం రెండున్నర?" అని అడిగింది. ఇన్నేళ్లలో అమ్మకు ఆ కథే తెలియదంట! నేను చెప్పాను. నువ్వు చెప్పే కథలో అబద్ధాలు ఎక్కువ కాబట్టి ఇక్కడ అసలుది రాసిపెడుతున్నా.

మనం తొమ్మిదో క్లాసు. నువ్వు మీ ఊరి స్టేజీలో ఎక్కావు. ముందు రోజు రాత్రి మా ఇంట్లోనే తిన్నావు, మా అమ్మ చేతి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి. బస్సులో నాయన. నువ్వు పళ్లికిలించి "సలాం మామా" అన్నావు. నాయన "పాస్" అన్నాడు. పాస్ ఇంట్లో మర్చిపోయావు. "నేనే కదా మామా" అన్నావు. అప్పుడు నాయన అన్న మాట నువ్వు ఎప్పుడూ మార్చి చెప్తావు. ఆయన అరవలేదు, తిట్టలేదు. "నువ్వే. పాస్ ఏదీ?" అన్నాడు, అంతే. నువ్వు ఐదు రూపాయల నోటిచ్చావు. ఆయన రెండున్నరకు టికెట్ చింపి, చిల్లర లేక, టికెట్ వెనక 2.50 రాసి, కింద గీత గీసి ఇచ్చాడు. ఆ గీత ఎప్పుడూ కొట్టొచ్చినట్టు ఉండేది. దిగేటప్పుడు అడగాల్సింది నువ్వు. అడగలేదు, అలిగావు. సాయంత్రం టికెట్ పోగొట్టుకున్నావు. ఇంక జీవితాంతం అదే గోల. నువ్వు మా ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆయన, "ఏమబ్బాయ్, టికెట్ దొరికిందా?" నువ్వు "లేదు మామా". "టికెట్ చూపిస్తే ఇస్తా." నువ్వు కువైట్ పోయే రోజు ఎయిర్‌పోర్ట్ బండి ఎక్కుతుంటే కూడా అదే అడిగాడు. అప్పుడు నువ్వు ఏడ్చావు. ఎందుకేడ్చావో నాకు అప్పుడు అర్థం కాలేదు, మీ ఇంట్లోవాళ్లను వదిలి పోతున్నందుకు అనుకున్నా.

నాకు మాత్రం అప్పట్లో కోపమే. స్నేహితుడి దగ్గర రెండున్నర గుంజిన నాయన! వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఎటూ మాట్లాడడు కాబట్టి అది ఆయనకు తెలియనే లేదు.

తర్వాత ఎప్పుడో అడిగా, ఆ డబ్బు ఏం చేశావని. "ఎక్కువ వచ్చిన చిల్లర బ్యాగులో ఉంటే డిపోలో కట్టేస్తా, నాదెట్లా అవుతుంది?" అన్నాడు. నీకు ఇంకో సంగతి తెలుసు కదా, వీళ్లు డ్యూటీ ఎక్కే ముందు జేబులో సొంత డబ్బు ఎంత ఉందో కాగితం మీద రాయాలి. దారిలో చెకింగ్ వాళ్లు ఎక్కి బ్యాగు లెక్కపెడితే, టికెట్ల డబ్బు వేరుగా, సొంతది వేరుగా తేలాలి. నాయన సొంత డబ్బు ఎప్పుడూ ఇరవై లోపే. టీ, బీడీ, అంతే. నెలకొకసారి జీతం రోజున కాస్త ఎక్కువ ఉండేది. ఆ రోజు గువ్వలచెరువులో బస్సు ఆగినప్పుడు పాలకోవా కొనేవాడు. పాలకోవా ఇంటికొచ్చిందంటే ఒకటో తారీఖు అని లెక్క. మాకు క్యాలెండర్ అవసరం ఉండేది కాదు.

అయితే పండగలు మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ మర్నాడే. పండగ రోజు రద్దీ, స్పెషల్ బస్సులు, డబుల్ డ్యూటీ. ఓళిగలు చేసి, నాయన తినాల్సినవి గిన్నెలో పక్కన పెట్టి, ఆ గిన్నెను చూస్తూ మేము ఉగాది చేసుకునేవాళ్లం. మీ అమ్మి ఉగాది నాడు దేవుని కడపకు వస్తూ నాయన బస్సే ఎక్కేది కదా. మీవాళ్లంతా టెంకాయలు పట్టుకోని తెల్లారకముందే స్టేజీలో నిలబడేవాళ్లు. బీబీ నాంచారమ్మ మీ ఇంటి ఆడబిడ్డ కాబట్టి వెంకటేశ్వరస్వామి మీకు అల్లుడు, మాకు దేవుడు. ఈ లెక్కన అల్లుడింటికి పోయేవాళ్లకు టికెట్ కొట్టాలా వద్దా అని నాయన, మీ అమ్మి ఏటా వాదించుకునేవాళ్లంట. టికెట్ మాత్రం కొట్టేవాడు. తిరుగు ప్రయాణంలో ఆమె ఇచ్చిన టెంకాయ చిప్ప బ్యాగులో వేసుకోకుండా డ్రైవర్ దగ్గర పెట్టేవాడు, బ్యాగులో టికెట్ డబ్బు తప్ప ఇంకేం ఉండకూడదని.

టెంకాయ చిప్ప అంటే ఒంటిమిట్ట గుర్తొచ్చింది. కోదండరాముడి కల్యాణానికి ఎన్ని వందల ట్రిప్పులు వేశాడో. అది రాత్రిపూట కల్యాణం, చంద్రుడు చూడాలని. 2015 నుంచి ప్రభుత్వం తరఫున అక్కడ ఉత్సవాలు మొదలయ్యాక అయితే జనం కిక్కిరిసిపోయేవాళ్లు. అందరినీ గుడి దగ్గర దింపి, ఈయన బస్సు పక్కన నిలబడి చిల్లర లెక్కపెట్టుకునేవాడు. ఒక్కసారి కూడా కల్యాణం చూడలేదు. రిటైరయిన రెండేళ్లకు, 2019లో, అమ్మా నేనూ బలవంతంగా తీసుకుపోయాం. అక్కడ వావిలికొలను సుబ్బారావు గారి కథ ఎవరో చెప్తున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పండితుడు, రామాయణం తెలుగు చేసిన మనిషి, టెంకాయ చిప్ప పట్టుకోని ఊరూరా అడుక్కోని ఆ గుడి బాగుచేయించాడని. నాయన శ్రద్ధగా విన్నాడు. విని, నా చెవిలో, "ఆయన చిప్ప, నాది బ్యాగు. ఇద్దరం చిల్లర ఏరుకున్నోళ్లమే" అన్నాడు. ఆయన నాతో వేసిన జోకులు రెండో మూడో ఉంటాయి, దాంట్లో ఇదొకటి. ఆ తర్వాత స్వామి తలంబ్రాలు జరుగుతుంటే ఈయన మెడ వెనక్కి తిప్పి పార్కింగ్‌లో ఎన్ని బస్సులున్నాయో చూస్తున్నాడు. చంద్రుడు మాత్రం చూశాడులే.

మరుసటి ఏడాది జనవరి 1న ఆర్టీసీ వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు కదా. పాతవాళ్లంతా "అయ్యో, ముందే దిగిపోతివే" అని ఫోన్లు. నాయన పేపరు మడిచి, "మన స్టేజీ వచ్చింది, దిగినాము" అన్నాడు. నాకేమో నీ రెండున్నర గుర్తొచ్చి నవ్వొచ్చింది. డిపోలో కట్టాడు కదా, ఇంక అది రాష్ట్ర ప్రభుత్వానిది. పో, ఖజానా మీద కేసు వేసుకో.

ఆసుపత్రి గురించి ఎక్కువ రాయను. నీకు అంతా తెలుసు. నీకు చెప్పనిది ఒకటుంది. లోపలికి తీసుకుపోయే ముందు నర్సు వచ్చి చొక్కా విప్పి ఆ పచ్చ గౌను వేయమంది. నేను గుండీలు తీస్తున్నా. నాయన నా చెయ్యి పట్టుకోని ఆపాడు. "జేబులో ఎంతుందో చూడు" అన్నాడు. "ఎందుకు నాయనా, నేను చూసుకుంటాలే" అన్నా. "చూడు." తీశాను. ఒక వంద, ఒక యాభై, ఒక ఇరవై, ఒక పది, ఒక ఐదు రూపాయల బిళ్ల, ఒక రెండు రూపాయల బిళ్ల. నోట్లన్నీ నిలువునా మడిచి ఉన్నాయి, వేళ్ల మధ్య పెట్టుకునేవాడే, అట్లా. "187" అన్నా. "రాసుకో" అన్నాడు. కాగితం లేదు. మందుల చీటీ వెనక రాశాను. ఆయన తీసుకోని చూసి, పెన్ను అడిగి, కింద గీత గీసి ఇచ్చాడు. అప్పుడు చొక్కా విప్పనిచ్చాడు. స్ట్రెచర్ కదిలేటప్పుడు పక్క రాడ్డు మీద వేలితో రెండుసార్లు కొట్టాడు.

నాలుగు రోజులు. అంతే.

ఆ 187, ఆ చీటీలోనే చుట్టి అమ్మ పోపుల డబ్బాలో పెట్టుకుంది. ఏడాదిగా ఒక్క రూపాయి తీయలేదు. గ్యాసు బండకు ఇరవై తక్కువ పడి పక్కింట్లో అడిగింది గానీ అది ముట్టుకోలేదు. మొన్న నీ మెసేజ్ విని, నేను కథంతా చెప్పాక, లేచి లోపలికి పోయింది. డబ్బా తెచ్చింది. చీటీ విప్పి ఐదు రూపాయల బిళ్ల తీసి, పైట చెంగుతో దాని మీది పసుపు తుడిచి, నా ముందు పెట్టింది.

"ఐదుంది. రెండున్నర చిల్లర తెచ్చుకోమను వాణ్ని" అంది.

అర్ధ రూపాయి బిళ్ల ఇప్పుడు ఎవరి దగ్గరుందమ్మా అంటే వినదు. పూర్తిగా ఐదూ ఇచ్చేద్దామంటే, "అట్లా ఇస్తే లెక్క తప్పదా?" అంటుంది. కాబట్టి రంజాన్‌కు వచ్చేటప్పుడు ఎక్కడైనా ఒక అర్ధ రూపాయి సంపాదించుకోని రా. దొరక్కపోతే టికెట్ ఉండాలి, అది నువ్వు ఎప్పుడో పోగొట్టావు.

మీ అమ్మికి మోకాలి నొప్పి తగ్గింది, పోయిన ఆదివారం చూసొచ్చా. సెంటు పంపకు, ఇక్కడే దొరుకుతోంది.

నీ
రైట్‌రైట్