పాత ఇంజన్‌ల బేరంలో పరీక్ష ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ 61 రోజులూ మా ఉప్పాడ తీరంలో వలల మరమ్మతులతో పాటు పాత ఇంజన్‌ల బేరాలూ జోరుగా సాగుతాయి. ప్రభుత్వం ఇచ్చే నిషేధ భృతి 20 వేలు పడగానే, పైన అప్పు తెచ్చి పాత అవుట్‌బోర్డ్ మోటారు (తెప్ప వెనక బిగించే ఇంజన్) కొనేవాళ్లున్నారు. మా ఇంట్లో తెప్ప మావారిది, లెక్కలు నావి.

మొన్న మా మరిది 9.9 హార్స్‌పవర్ మోటారు ఒకటి 70 వేలకు మాట్లాడుకున్నాడు. తాడు ఒక్కసారి లాగగానే స్టార్టయిందని ఒకటే మురిపెం. మర్నాడు తెల్లారకముందే మావారు చెప్పాపెట్టకుండా వెళ్లి లాగితే భుజం నొప్పి తప్ప ఉలుకూ పలుకూ లేదు. ముందురోజు మా వాడు వెళ్లేసరికే వేడి చేసి ఉంచారన్నమాట! అమ్మేవాడు గొణుగుతుండగానే కింద గేరు ఆయిల్ స్క్రూ విప్పించారు. పాలు పోసిన టీలా కారింది. సీలు పోయి నీళ్లు దిగాయని అర్థం. సీలుతో సరిపోతే ఫర్వాలేదు, లోపల గేర్లు తుప్పుపట్టి ఉంటే ఆ ఖర్చుకు అంతుండదు. నీళ్లలో ఫ్యానును తిప్పే షాఫ్టు కూడా 15 అంగుళాలదే. మా తెప్ప ఎత్తుకు 20 అంగుళాలది కావాలి, పొట్టిదైతే అల లేచినప్పుడల్లా ఫ్యాను గాలిలో తిరుగుతుంది.

భృతి పోను అప్పు 50 వేలకు నూటికి రెండు చొప్పున నెలకు వెయ్యి వడ్డీ. టూ స్ట్రోక్ అయితే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ అదనం. ఇంజన్‌కు నీళ్లు తోడే ఇంపెల్లర్ ఇసుక నీటికి అరుగుతుంది, అది మార్చాలి. ఇవన్నీ రాసుకోవచ్చు. నడిసముద్రంలో ఆగిపోతే మాత్రం ఇంకో తెప్పవాళ్లు వేట మానుకుని లాక్కురావాలి. వాళ్ల పెట్రోలు మనమే పోయాలి, మాటలూ పడాలి. ఒడ్డున ఉన్న ఆడవాళ్ల టెన్షన్ ఏ పద్దులో రాయను?

కొత్తది కొనుక్కోవచ్చుగా అంటారు కొందరు. ఆ డబ్బే ఉంటే పాతదాని కోసం ఎందుకు తిరుగుతాం?

మత్స్యశాఖ వారికి మీ పత్రిక ద్వారా నా మనవి. నిషేధం రోజుల్లో తీర గ్రామాల్లో ఒక మెకానిక్‌ను, సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజీతో కూర్చోబెట్టండి. ప్లగ్గు విప్పి గేజీ బిగించి చూడటానికి ఎంతోసేపు పట్టదు. రెండు సిలిండర్ల రీడింగు, గేరు ఆయిల్ రంగు, ఇంజన్ నంబరు ఒక చీటీ మీద రాసి సంతకం పెట్టి ఇస్తే, ఆ చీటీ చూసి బేరం ఆడుకుంటాం.

– ఒక మత్స్యకార గృహిణి, ఉప్పాడ, కాకినాడ జిల్లా