ఐదో తరగతి లోపు పిల్లలకూ ఏడాదికొక బస్సు ఇప్పించండి

పాఠశాల విద్యాశాఖ సంచాలకులు గారికి,

నమస్కారాలు. హనుమకొండ జిల్లాలో ఇద్దరు టీచర్లున్న ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మా బడిలో పిల్లలు 27 మంది. గత జనవరిలో వాళ్లను రామప్ప గుడికి తీసుకువెళ్లాం. ఆ ఒక్క రోజు కోసం మేము పడిన పాట్లు, ఆ ఒక్క రోజులో పిల్లలు నేర్చుకున్నవి మీకు చెప్పి, ఒక విన్నపం చేసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఊరి నుంచి రామప్ప రెండు గంటల ప్రయాణం. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు ఆ గుడి పేరు దేశదేశాల్లో మోగింది. మా పిల్లల్లో ఒక్కరు కూడా దాన్ని చూడలేదు. కూలికి వెళ్తేనే పొయ్యి వెలిగే ఇళ్లు వాళ్లవి. ప్రయాణమంటే పెళ్లికో, చావుకో, ఆస్పత్రికో. అమ్మానాన్నలతో మేడారం జాతరకు వెళ్లివచ్చిన పిల్లలు కూడా ములుగు దాటి నేరుగా పోయారే తప్ప ఇటు తిరగలేదు.

గుడి బయటి గోడ చుట్టూ ఏనుగుల వరుస ఉంటుంది, మీరు చూసే ఉంటారు. మా నాలుగో తరగతి అమ్మాయి ఒకతె వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రెండుసార్లు లెక్క తప్పింది. మూడోసారి స్నేహితురాలిని పక్కన నిలబెట్టుకుని, పది ఏనుగులు దాటినప్పుడల్లా ఆమె చేత ఒక వేలు మడిపించింది. పది వేళ్లూ మడిచాక "వంద!" అని ఇద్దరూ అరిచి, వేళ్లన్నీ విప్పి మళ్లీ మొదలుపెట్టారు. పదులు, వందలు అర్థం కావాలని ఆ అమ్మాయికి రెండేళ్లుగా పుల్లల కట్టలు కట్టి చూపిస్తున్నాను. తలూపేది, మరునాటికి మరిచిపోయేది. ఆ మధ్యాహ్నం ఎవరూ చెప్పకుండానే ఆ లెక్క తనే కట్టుకుంది. గోడ రెండు వైపులు పూర్తయ్యేసరికి బయలుదేరే వేళయింది. నేనే చేయి పట్టుకుని లాక్కురావలసి వచ్చింది.

ఆ గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవని చెప్పినప్పుడు ఒక అబ్బాయి అస్సలు ఒప్పుకోలేదు. వాళ్ల నాన్న ఇటుక బట్టీలో పనిచేస్తాడు. "ఇటుక తేలదు సార్, నేను మోసాను" అన్నాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడు! ఆ మాట విని కాసేపు నాకు నోట మాట రాలేదు. మరునాడు బట్టీ ఇటుక ముక్క ఒకటి తెచ్చి, బడిలో బకెట్టు నీళ్లలో వేసి అందరికీ చూపించాడు. మునిగింది. మరి అది ఎందుకు తేలుతుంది అని పట్టుబట్టాడు. మట్టిలో కలిపిన పదార్థం కాలిపోయి లోపల సన్నని గుల్లలు మిగిలితే ఇటుక తేలికవుతుందని చెప్పడానికి ఆ రోజు పరిసరాల విజ్ఞానం పీరియడు మొత్తం పట్టింది. మూడో తరగతి పిల్లలు కూడా కదలకుండా విన్నారు.

ఇక ఆ రోజు వెనుక జరిగింది కూడా చెప్పాలి. అనుమతి కాగితం పై కార్యాలయంలో మూడు వారాలు ఆగింది. చివరకు, ఏం జరిగినా పూర్తి బాధ్యత నాదేనని రాయించుకుని ఇచ్చారు. బస్సు కిరాయికి డబ్బు లేక మామూలు సర్వీసుల్లోనే వెళ్లాం. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని ఆడపిల్లలకు, తోడు వచ్చిన ముగ్గురు తల్లులకు జీరో టికెట్లు కొట్టారు. మగపిల్లలకు అర టికెట్లు మేమిద్దరం టీచర్లం పెట్టుకున్నాం. ములుగులో దిగి ఆటోలు మాట్లాడుకున్నాం. ఆటోకు ఆరేడుగురు పిల్లలను ఎక్కించి పంపుతున్నప్పుడు నా గుండె ఎలా కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది. ఆ తల్లులు ఆ రోజు కూలి వదులుకుని వచ్చారు. వాళ్లు కూడా ఆ గుడి చూడటం అదే మొదటిసారి.

అధికారుల భయం నాకు అర్థమవుతుంది. 2014 జూన్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన రోజును ఎవరు మరిచిపోగలరు? అందుకే నియమాలు స్పష్టంగా రాసి ఇవ్వండి. పది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి తోడుండాలి, చెరువులో, నదిలో దిగకూడదు, పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి అనండి. అక్షరం తప్పకుండా పాటిస్తాం. పిల్లలకు భద్రమైన బస్సు లేకపోవడం, ఉపాధ్యాయుడి చేత హామీ పత్రం రాయించుకోవడం మాత్రం ఏ ప్రమాదాన్నీ ఆపవు.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని బడి ఉండాలంది. చాలా మంచిది. మరి ఒకటి నుంచి ఐదు వరకు? చూసి, ముట్టుకుని నేర్చుకునే వయసు అదే కదా. విద్యాహక్కు చట్టం ప్రకారం వీళ్లకు ఏడాదికి 200 పనిదినాలు. అందులో ఒక్కటి ఇవ్వండి. ఆర్టీసీతో మాట్లాడి, ప్రతి ప్రాథమిక పాఠశాలకు ఏడాదిలో ఒక రోజు ఒక బస్సు కేటాయించండి. మా బడి లాంటివి రెండు కలిస్తే ఒక బస్సు నిండుతుంది. అనుమతి మండల విద్యాధికారి స్థాయిలోనే వారం రోజుల్లో వచ్చేలా చూడండి. ఆ రోజు మధ్యాహ్న భోజనం మా వంట అక్కలు పులిహోరగా వండి డబ్బాల్లో కట్టి ఇస్తామని ఇప్పటికే అన్నారు. మిగతా ఖర్చు పెద్దగా లేదు. వరంగల్ కోట, గోల్కొండ, చార్మినార్ లాంటి చోట్ల 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశ టికెట్టే లేదు.

ప్రతి జూన్‌లో బడిబాట పేరుతో ఇల్లిల్లూ తిరుగుతాం. "ప్రైవేటు బడిలో పిల్లలను టూరుకు తీసుకుపోతారట, మీరు తీసుకుపోతారా?" అని తల్లులు అడుగుతారు. ఇన్నేళ్లూ తల దించుకుని వచ్చాను. ఈసారి ఫోనులో ఫొటోలు చూపించాను. కానీ మళ్లీ ఎప్పుడు అని అడిగితే చెప్పలేకపోయాను.

ఏనుగులు లెక్కపెట్టిన అమ్మాయి ఇప్పుడు ఐదో తరగతిలో ఉంది. వచ్చే ఏప్రిల్‌తో మా బడి నుంచి వెళ్లిపోతుంది. గుడికి ఇంకా రెండు వైపులు మిగిలాయని వారానికి ఒకసారైనా గుర్తు చేస్తుంది. సంక్రాంతి సెలవుల తర్వాత ఎండలు ముదరకముందు వెళ్లగలిగేలా, డిసెంబరులోపు ఉత్తర్వులు ఇప్పించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు,
హనుమకొండ జిల్లా