ముందు నొప్పికి మాత్ర అందించండి

సంపాదకులకు నమస్కారం.

కోలుకునే ఆశ లేని రోగులకు వైద్యం ఎంతవరకు కొనసాగించాలన్న విషయంపై మీ పత్రికలో వస్తున్న లేఖలను శ్రద్ధగా చదువుతున్నాను. కోలుకోలేని రోగికి ప్రాణం నిలిపే వైద్యాన్ని ఆపడానికి అనుమతిస్తూ 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, అందులోని షరతులను 2023 జనవరిలో సడలించిన తీరు, వీటి చుట్టూనే చర్చంతా నడుస్తోంది. మేజిస్ట్రేటు దాకా వెళ్లకుండా నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతోనే, తనకు ఎలాంటి వైద్యం వద్దో మనిషి ముందుగా రాసిపెట్టుకోగలగడం మంచిదే. అయితే ప్రభుత్వ ఆసుపత్రుల మందుల గదుల్లో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిగా, అంతకంటే ముందు తేలవలసింది నొప్పి సంగతి అని మనవి చేస్తున్నాను.

మన వైపు క్యాన్సర్ ముదిరిన రోగులు అనంతపురం నుంచి బెంగళూరుకో, కర్నూలు నుంచి హైదరాబాదుకో, కడప నుంచి తిరుపతికో వేలూరుకో వెళ్లి, చివరికి "చేయగలిగిందంతా చేశాం, ఇంక ఇంటికి తీసుకుపోండి" అన్న మాట విని తిరిగివస్తారు. ఆ రాత్రి నొప్పి ఎక్కువైతే ఎవరిని అడగాలో ఇంటివాళ్లకు చెప్పేవారుండరు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి ఏదో సూది వేసి పోతాడు. అతణ్ని తప్పుపట్టలేను, అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది అతనొక్కడే.

మా బంధువు ఒకాయన నోటి క్యాన్సర్‌తో మంచాన పడి, "ఇంత విషం పెట్టండి నాయనా" అని వచ్చినవాళ్లనందరినీ బతిమాలేవాడు. బెంగళూరు డాక్టరు తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టాక మజ్జిగ తాగి, కంటినిండా నిద్రపోయి, మనవరాలి పెండ్లి సంబంధం ఎంతదాకా వచ్చిందని అడిగాడు. చావు మాట మళ్లీ ఎత్తలేదు. ఆ మాత్రలు అయిపోయినప్పుడల్లా కొడుకు కూలి మానుకొని బెంగళూరు బస్సెక్కవలసి వచ్చేది, ఎందుకంటే దగ్గర్లోని ఆసుపత్రిలో అడిగితే "అది మత్తుమందు, మేం పెట్టం" అన్నారు.

మార్ఫిన్ మాత్ర ఖరీదైనది కాదు. సాధారణ మాత్రను నాలుగు గంటలకొకసారి, రోగికి సరిపడిన మోతాదులో, మలబద్ధకం రాకుండా మరో మందుతో కలిపి ఇస్తారు. డాక్టరు పర్యవేక్షణలో నొప్పి కోసం వాడేవారు వ్యసనపరులైపోతారన్న భయం చాలావరకు అతిశయం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఒక్కో మందుకు రకరకాల లైసెన్సులు కావలసిన రోజుల్లో ఆసుపత్రులు వెనకాడాయంటే అర్థం ఉంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి, మార్ఫిన్ వంటి అత్యవసర మందులకు దేశమంతటా ఒకే పద్ధతి తెచ్చారు. శిక్షణ పొందిన డాక్టరు ఉండి, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపు తీసుకుంటే చాలు. ఆ పైన కావలసింది తాళం వేసిన బీరువా, ప్రతి మాత్రకూ లెక్క రాసే రిజిస్టరు. ఈ రెండూ మా ఉద్యోగంలో ఎప్పుడూ చూసినవే, కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు.

కేరళ 2008లోనే ఉపశమన వైద్యానికి, అంటే రోగం నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యానికి, ఒక విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సులను రోగుల ఇళ్లకు పంపుతోంది. మనకూ ఆశా కార్యకర్తలున్నారు, ఊరూరికీ 104 వాహనాలు వస్తున్నాయి. వారికి పుండ్లు కడగడం, నొప్పి తీవ్రతను అడిగి రాసుకోవడం నేర్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

నొప్పికి మందు దొరకక "ఇంక చాలు" అనే మనిషి మాటను అతని స్వేచ్ఛా నిర్ణయంగా లెక్కగట్టడం నాకు న్యాయంగా తోచదు. నొప్పి తగ్గాక కూడా వెంటిలేటరు వద్దనుకుంటే అది అతని హక్కు, దాన్ని మన్నించాల్సిందే. ఆ హక్కు అమలుకు పొరుగున కర్ణాటక 2025 జనవరిలో ఉత్తర్వులిచ్చింది. అలాంటి రోగికి వైద్యం ఆపవచ్చో లేదో తేల్చే ఆసుపత్రి బోర్డుల్లో కూర్చోవలసిన వైద్యుల జాబితాను మన జిల్లా వైద్యాధికారులూ సిద్ధం చేసి ఉంచాలి.

అన్నిటికంటే ముందు, కర్నూలు, అనంతపురం, కడప సర్వజన ఆసుపత్రుల్లో మార్ఫిన్ మాత్రలు ఏ రోజు, ఏ గదిలో, ఎవరి చీటీపై ఇస్తారో ఓపీ కౌంటరు దగ్గరే తెలుగులో బోర్డు రాసి పెట్టించాలని, రోగి రాలేని స్థితిలో ఉంటే ఇంటివాళ్లకే రెండు వారాల మందు ఇచ్చే ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
కల్యాణదుర్గం, అనంతపురం జిల్లా.