వెనక పట్టీ ఉన్న చెప్పులు

అంబాజీపేట

చి॥ బాబీకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నీ ఫోనొచ్చి పద్దెనిమిది రోజులయింది. లెక్కపెట్టుకుని కూర్చున్నాననుకోకు, పాల లెక్క చూస్తుంటే క్యాలెండరులో కనబడింది. నాన్నగారి షుగరు ఫరవాలేదు. కొబ్బరి దింపించాం. దింపుకూలి పెరిగింది, కాయ ధర మాత్రం అక్కడే ఉంది.

నిన్న సంతలో సుబ్బులు, "మీ ఆడపడుచు హోంలో పడిపోయిందటగా" అంది. దానిదంతా గోరంతలు కొండంతలు. అయినా రాత్రి నిద్ర పట్టలేదు. దోమలు.

గేదె ఈనింది. పెయ్యదూడ. జున్ను తింటుంటే నువ్వే గుర్తొచ్చావు.

ఇంతకీ చిన్నత్త నిజంగా పడిందా? పడితే మంచం దగ్గరా, బాత్రూంలోనా? బుజ్జి పెళ్లిచూపులనాడు ఏమైందో నీకు తెలీదు, హాస్టల్లో ఉన్నావు. 1996 తుఫాను ఏడే కదా చిన్నత్తకి కన్ను మసకేసింది. మామ్మగారు దిష్టన్నారు. తర్వాత కాళ్లు తిమ్మిర్లు. కాకినాడ డాక్టరుగారు మల్టిపుల్ స్క్లీరోసిస్ అని, నరాల మీది తొడుగుని ఒంట్లోని రక్షణ శక్తే తినేస్తుందన్నారు. "కరెంటు వైరుని ఎలకలు కొరికినట్టా?" అన్నారు నాన్నగారు. అలాంటిదేనన్నారాయన. ఆ పెళ్లిచూపులనాడు గోడ పట్టుకుని వసారా అంతా తిరిగిన మనిషి, మంచం మీంచి కుర్చీలోకి మారబోయింది. కుడికాలు తిరిగింది, ఎడమకాలు తిరగలేదు. అలాగే కింద కూలబడింది. చేతిలో కాఫీ గ్లాసు మాత్రం ఎత్తి పట్టుకుని, "వదినా, ముందిది అందుకో" అంది. చుక్క ఒలకలేదు. మగపెళ్లివారు ఇంకా వీధిలోనే ఉన్నారు. నవ్వలేక చచ్చాం.

అప్పటి ఎముకలు వేరు, నాయనా. జబ్బు తిరగబెట్టినప్పుడల్లా సెలైన్లో స్టెరాయిడ్లు ఎక్కించారు. నడక తగ్గింది, ఎండ తగలదు. లోపల గుల్లబారిపోయి ఉంటాయి. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాను, డి విటమిను పరీక్ష ఎప్పుడు చేశారో కనుక్కో. పూర్తిగా మంచాన పడ్డవాళ్లకి పడే అవకాశమే తక్కువ. కొంచెం లేవగలిగి, "మా ఇంటికెళ్తా"నంటూ తిరిగేవాళ్లతోనే భయం. అలా తిరుగుతోందని నిద్రమాత్ర, కంగారు మాత్ర ఇచ్చేస్తారేమో చూడు. వాటితో ఇంకా తూలుతుంది. అలాగని మంచానికి కట్టేసినా ఒప్పుకోకు. కుర్చీలోకి మార్చేటప్పుడు చక్రాలకి బ్రేకు వేస్తున్నారా? తొడ మొదట్లో నొప్పంటే, కాలు పొట్టిగా బయటికి తిరిగి కనబడితే, నూనె రాయనివ్వకు. ఆ రోజే ఎక్స్‌రే. విరిగితే ఆపరేషను ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి.

నిన్నేమీ అనడం లేదు. చిన్నత్తని హోంలో చేర్చడానికి ముందు ఒప్పుకున్నది నేనే. నడుం పోయాక ఆవిణ్ణి లేపలేకపోయాను.

నువ్వు వేళకి తింటున్నావా? శనివారం మన వీధి అబ్బాయి వస్తున్నాడు, సున్నుండలు, ఊరగాయ పంపుతున్నాను. అందులో కొత్త చెప్పులున్నాయి, చిన్నత్తకి. రబ్బరు అడుగు, వెనక పట్టీ. ఎడమకాలు ఈడుస్తుంది కదా, హవాయి చెప్పు జారిపోతుంది. నువ్వే వెళ్లి తొడుగు. తొడిగాక అక్కణ్ణించే ఫోను చేసి ఆవిడకియ్యి, నేను మాట్లాడతాను.

అమ్మ